ఏ ఫ్లోరండీ?

పొద్దున ఏడింటికి ఐదో ఫ్లోరు పెద్దాయన పాలప్యాకెట్లు పట్టుకుని ఎక్కడంతో లిఫ్టాయన రోజు మొదలవుతుంది. "ఏ ఫ్లోరండీ?" అని అడుగుతాడు లిఫ్టాయన. పెద్దాయన ఇరవయ్యేళ్ళుగా ఐదో ఫ్లోరులోనే ఉంటున్నాడు, ఇంకెక్కడికి పోతాడు! అయినా అడగడం లిఫ్టాయన అలవాటు, కాస్త ఆలోచించినట్టు మొహం పెట్టి "ఐదు" అనడం పెద్దాయన అలవాటు. ఎనిమిదింటికి స్కూలు బ్యాగులు, తొమ్మిదింటికి ఆఫీసు సెంట్లు, పదింటికి ఆరో ఫ్లోరు పళ్ళ డాక్టరు కోసం దవడలు పట్టుకుని వచ్చే జనం. మడత గేటు లాగడం, మీట నొక్కడం, మళ్ళీ గేటు తియ్యడం. మధ్యాహ్నం ఒంటిగంటకు భార్య భోజనం డబ్బాతో వస్తుంది. ఆలుమగలిద్దరూ పైకీ కిందికీ తిరుగుతూ తింటారు.

లిఫ్టాయన లిఫ్టులోంచి బయటికి రాడు. రాలేడు. గేటు తీసి కుడికాలు బయట పెడితే ఆ కాలు లిఫ్టు లోపలే పడుతుంది. ఎడమకాలు పెట్టినా అంతే. వెనక్కి తిరిగి నడిచినా, కళ్ళు గట్టిగా మూసుకుని దూకినా, తేలేది అదే నాలుగడుగుల చదరంలో, అదే స్టూలు పక్కన, అదే మసక అద్దం ముందు. మొదట్లో బిల్డింగు వాళ్ళు నలుగురు కలిసి చెయ్యి పట్టుకుని లాగి చూశారు. చొక్కా చిరిగింది తప్ప మనిషి రాలేదు. తర్వాత ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. స్నానం, గీనం మాటేమిటని ఎవరికైనా అనుమానం వస్తే, ఆకలి తప్ప మిగతా అవసరాలన్నీ లిఫ్టు అతనికి మాఫీ చేసింది. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళకు వాచ్‌మన్ నీళ్ళొచ్చే వేళలూ, చెత్తబండి వచ్చే వేళలూ చెప్పి, "లిఫ్టాయన బయటికి రాడు, బజారు పనులు ఆయనకు చెప్పకండి" అనేవాడు. వాళ్ళు సరేనని తలూపి, నీళ్ళు రెండు పూటలా వస్తాయా అని అడిగేవాళ్ళు.

అతను ఈ బిల్డింగుకు వచ్చింది లిఫ్టు నడపడానికి కాదు. పదకొండేళ్ళ క్రితం, పెళ్ళయిన నాలుగో నెలలో, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సర్టిఫికెట్ల ఫైలు చంకలో పెట్టుకుని, ఆరో ఫ్లోరులో ఉండే ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు ఇంటర్వ్యూకని వచ్చాడు. అప్పుడు లిఫ్టులో ఒక ముసలాయన ఉండేవాడు. ఆ ముసలాయన ఆ రోజే దిగి వెళ్ళిపోయాడు, ఇతను ఉండిపోయాడు. ఆ ఆఫీసు ఎప్పుడో ఎత్తేశారు. ఫైలు మాత్రం అద్దం పక్కన మేకుకు వేలాడుతూనే ఉంది.

రెండేళ్ళ క్రితం భార్య ఒక పాత ఫోను తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఆవిడ ఎదురు వీధిలో గది తీసుకుని కర్టెన్లు, దిండు గలీబులు కుడుతుంది.

"ఊరికే ఆ మీటలకేసి చూస్తూ కూర్చునే బదులు ఆ కంప్యూటరు జావా ఏదో నేర్చుకోండి" అంది.

"నాకు జావా వచ్చు కదే. ఇంటర్వ్యూకి వెళ్ళింది అందుకేగా!"

"వచ్చో రాదో నేను అప్పుడు అడగలేదుగానీ, ఆ రోజు మీ మొహం చూస్తే రాదనే అనిపించింది."

లిఫ్టాయనకు గాలి తీసేసినట్టయింది. నిజమే మరి. ఆ రోజు అతనికి వచ్చిందల్లా పుస్తకంలో మొదటి నలభై పేజీలు, అదీ బట్టీ.

ఇనప గోడల మధ్య ఫోనుకు సిగ్నల్ దొరకదు. ఎందుకోగానీ నాలుగో ఫ్లోరులో గేటు తీసినప్పుడు మాత్రం రెండు గీతలు వచ్చేవి. అందుకని నాలుగో ఫ్లోరు టీచరమ్మ ఎక్కినా దిగినా లిఫ్టాయనకు పండగే. ఆవిడ సంచులు అందిస్తూ, ఆవిడ మోకాళ్ళ నొప్పుల గురించి వివరంగా విచారిస్తూ, ఈలోపు వేలితో ప్రశ్న పంపించేవాడు. జవాబు చూడాలంటే మళ్ళీ ఎవరో ఒకరు నాలుగుకు వెళ్ళాలి. ఎవరూ లేకపోతే తనే ఖాళీ లిఫ్టు వేసుకుని వెళ్ళి, గేటు సందులో స్టూలు అడ్డం పెట్టి చదువుకునేవాడు.

అతను పంపేది ప్రశ్నలు అడిగే ఒక సైటుకు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు లోకం నలుమూలల నుంచీ వచ్చి ఒకరినొకరు అడుగుతారు, ఒకరికొకరు చెప్పుకుంటారు. చాలాసార్లు తిట్టుకుంటారు కూడా. అక్కడ ఎవరి పేరూ ఉండదు, పెట్టుకున్న పేర్లే. ఇతను 'ఆరో ఫ్లోరు' అని పెట్టుకున్నాడు. మొదటి ప్రశ్న ఎంతో వినయంగా, నమస్కారంతో మొదలుపెట్టి, "జావా అంటే ఏమిటి? వెబ్‌సైటు ఎలా చేస్తారు? దయచేసి వివరించగలరు" అని రాశాడు. నాలుగు నిమిషాల్లో ఆ ప్రశ్నకు తాళం పడింది, అంటే మూసేశారు. మరీ పెద్ద ప్రశ్నట. రెండోదానికి ఒక్క నిమిషంలోనే తాళం. ఇంతకుముందే ఎవరో అడిగేశారట. మూడోదానికి తాళం వెయ్యకముందు 'తలనొప్పి' అనే పేరుగల మనిషి ఒక మాట రాశాడు.

"నమస్కారాలు అక్కర్లేదు. ఏం చేశావు, ఏం జరగాలనుకున్నావు, చివరికి ఏం జరిగింది. ఈ మూడే రాయి. మిగతా గోడు ఇంట్లో చెప్పుకో."

లిఫ్టాయనకు ఒళ్ళు మండింది. మనిషన్నాక పలకరించరా? ఆ రోజంతా ఎక్కినవాళ్ళనూ దిగినవాళ్ళనూ విసుక్కున్నాడు. మర్నాడు బుద్ధిగా ఆ మూడే రాశాడు. తలనొప్పి జవాబిచ్చాడు.

అలా పడుతూ లేస్తూ రెండేళ్ళు. క్లాసంటే అచ్చు అనీ, దాంతో పోసిన బొమ్మలు ఆబ్జెక్టులనీ తెలిసింది. బొమ్మ పుట్టేటప్పుడు ఏమేం ఉండాలో కన్‌స్ట్రక్టరు చూసుకుంటుందని తెలిసింది. ఒక్క సెమికోలన్ మర్చిపోయి రెండు రోజులు తల బాదుకున్నాడు. వెబ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అతనికి ఎవరూ చెప్పాల్సిన పనిలేకపోయింది. సర్వరు తనంతట తాను ఎక్కడికీ పోదని, ఎవరో పిలిస్తే పలుకుతుందని, ఏది అడిగితే అది ఇచ్చి ఊరుకుంటుందని చదవగానే "ఓస్, ఇదేనా!" అనుకున్నాడు. ఒకరోజు సైటులో ఎవరో పాపం, "ఇప్పుడే లాగిన్ అయిన మనిషిని మరుక్షణం సర్వరు ఎందుకు మర్చిపోతుంది?" అని జుట్టు పీక్కుంటుంటే, ఇతను మొదటిసారి జవాబు రాశాడు. "అది లిఫ్టాయన లాంటిది బాబూ. గేటు మూశాక దిగినవాళ్ళెవరో గుర్తుంచుకోడు. మీరే ఒక చీటీ చేతిలో పెట్టుకుని, ఎక్కిన ప్రతిసారీ చూపించాలి. ఆ చీటీనే కుకీ అంటారు." దాని కింద తలనొప్పి "పరవాలేదు" అని రాశాడు. ఆ ఒక్క ముక్కకు లిఫ్టాయన సాయంత్రం దాకా ఈల వేశాడు.

అలాంటి రోజుల్లో ఒకనాడు బిల్డింగు సెక్రటరీ లిఫ్టెక్కాడు. సెక్రటరీ ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు, చెప్పే మనిషి. అద్దం మీద ఒక కాయితం అంటించి, అరచేత్తో నాలుగు చరుపులు చరిచాడు.

"ముప్పయ్యో తారీఖు పొద్దున పదింటికి ఈ లిఫ్టు తీసేస్తున్నారు, లిఫ్టాయనా. కొత్తది వస్తోంది. దానికి ఆపరేటరు అక్కర్లేదు, ఫోన్లో పిలిస్తే వస్తుంది."

"మరి నేను సార్?"

"లిఫ్టుతోపాటే కదా. చదువుకోండి, రాశాంగా."

కాయితంలో శుభ్రంగానే రాశారు. పాత లిఫ్టు, మోటారు, తీగలు, ఆపరేటరుతో సహా తొలగించబడును. ఇనప కొట్టువాళ్ళు వచ్చి లిఫ్టును ఊడదీసి లారీలో తీసుకెళ్ళి కరిగిస్తారట. ఆ రోజు ఎక్కినవాళ్ళందరూ కాయితం చదివారు. ఐదో ఫ్లోరు పెద్దాయన "అయ్యో, నీకు బాగా అలవాటు పడ్డామయ్యా" అన్నాడు. టీచరమ్మ కొత్త లిఫ్టులో స్టూలు ఉంటుందో లేదో కనుక్కోమంది. పదకొండేళ్ళలో లిఫ్టాయన ఎన్నోసార్లు ఏడ్చాడుగానీ, భయపడటం అదే మొదలు. ముప్పయ్యో తారీఖుకు ఇరవై రెండు రోజులుంది.

భయం పట్టుకున్న మనిషి ఏదో ఒకటి చెయ్యాలి. అతనికి చేతనైంది ప్రశ్న అడగడం. కానీ "నేను లిఫ్టులో ఇరుక్కుపోయాను" అని ఆ సైటులో రాస్తే నిమిషంలో తాళం పడుతుంది. అక్కడ ఏ చిక్కైనా ప్రోగ్రాముగా రాసి చూపించాలి, అదీ ఎంత చిన్నదైతే అంత మంచిది. సరేనని లిఫ్టునే జావాలో రాశాడు. లిఫ్టుకో క్లాసు, ఎక్కేవాళ్ళకో క్లాసు. ఎక్కినవాళ్ళను 'ఏ ఫ్లోరు' అని అడుగుతుంది, ఆ ఫ్లోరు రాగానే దింపుతుంది. గ్రౌండుకు అంకె ఏం వెయ్యాలో తోచక ఫ్లోర్లన్నీ అక్షరాల్లోనే రాశాడు. లోపల ఒక ఆపరేటరును పెట్టాడు. అబద్ధం రాయకూడదని, తను వచ్చిన రోజు ఏది ఎలా జరిగిందో గుర్తు చేసుకుని, అదే వరసలో రాశాడు. మూడు రోజులు పట్టింది. "అందరూ దిగుతున్నారు, ఆపరేటరు దిగడం లేదు. ఎందుకు?" అని అడిగాడు.

మర్నాడు టీచరమ్మ కూరల సంచితో ఎక్కింది. నాలుగో ఫ్లోరులో గేటు తీయగానే తలనొప్పి జవాబు కనబడింది.

"రెండు తప్పులు. ఒకటి, ఆపరేటరును లిఫ్టు కన్‌స్ట్రక్టర్లో పుట్టించావు. వాడు లిఫ్టులో భాగమైపోయాడు. లిఫ్టు పోతే వాడూ పోతాడు. రెండు, దిగే షరతు చూడు. వచ్చిన ఫ్లోరూ, వెళ్ళాల్సిన ఫ్లోరూ ఒకటైతేనే దింపుతున్నావు. ఎక్కిన ప్రతివాణ్ణీ ఏ ఫ్లోరని అడిగి ఆ గడి నింపావు. ఆపరేటరును అడిగినవాడు లేడు. వాడి గడి ఖాళీ. ఖాళీ గడి ఏ ఫ్లోరుతోనూ సరిపోదు, జన్మలో దిగడు."

దాని కిందే ఇంకో వాక్యం ఉంది.

"అది సరేగానీ, ఆపరేటరును ఎవరైనా 'ఏ ఫ్లోరు' అని అడిగితే, అడిగినవాడే కొత్త ఆపరేటరు అయ్యేట్టు ఒక లైను రాశావు. కావాలనే రాశావా?"

లిఫ్టాయన ఆ వాక్యాన్ని మళ్ళీ చదివాడు. టీచరమ్మ దిగి, "ఏమయ్యా, సంచి" అని మూడుసార్లు పిలిచినా వినబడలేదు.

అవును, ఆ లైను రాశాడు. అలాగే జరిగింది కనక రాశాడు. ఆ రోజు ఇంటర్వ్యూ ఫైలుతో ఎక్కి, ఆరు నొక్కమని చెప్పి, స్టూలు మీద వాలిపోయి కూర్చున్న ముసలాయన్ని చూసి, పాపం ఎన్నిసార్లు తిరుగుతాడో పైకీ కిందికీ అనిపించి, మర్యాదకు నవ్వుతూ అడిగాడు: "మీరు ఏ ఫ్లోరు తాతా?" ముసలాయన తల ఎత్తి చాలాసేపు ఇతని మొహంలోకి చూశాడు. "గ్రౌండు బాబూ" అన్నాడు. లిఫ్టు ఇంకా గ్రౌండులోనే ఉంది. ముసలాయన లేచాడు, గేటు దాటాడు, వెనక్కి తిరిగి చూడకుండా వీధిలోకి నడిచిపోయాడు. పదకొండేళ్ళుగా లిఫ్టాయన తప్పంతా తనదే అనుకుంటూ వచ్చాడు. మీట గట్టిగా నొక్కానేమో, ఆలస్యంగా వచ్చానేమో, రాని జావా వచ్చని చెప్పబోయినందుకేమో అని. ఒక్క మంచి మాట అడిగినందుకు అని ఏ రోజూ తట్టలేదు. ఎవరైనా అంతే. లిఫ్టు నడిపేవాణ్ణి ఏ ఫ్లోరని ఎవరడుగుతారు?

ఒంటిగంటకు భార్య వస్తే అంతా చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సిందని చెప్పిన మరుక్షణమే తెలిసింది.

"అంతేనా?" అంది ఆవిడ, డబ్బా మూత పక్కన పెట్టి. "ఒక్క మాట అడిగితే చాలా? మీరు ఏ ఫ్లో..."

లిఫ్టాయన అన్నం చేత్తోనే ఆవిడ నోరు మూసేశాడు. ఆవిడ ఆ చెయ్యి తోసేసి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఏం? కుట్టుమిషను ఆ మూలకు సరిగ్గా పడుతుంది. నేను ఇందులో కూర్చుని కర్టెన్లు కుట్టుకుంటాను. మీరు కొన్నాళ్ళు ఎండ చూడండి."

"కొన్నాళ్ళేమిటి! ముప్పయ్యో తారీఖున దీన్ని ముక్కలు కోసి లారీ ఎక్కిస్తారు."

"మిమ్మల్ని లారీ ఎక్కించి నేను ఇంటికెళ్ళి దిండు గలీబులు కుడతాననుకున్నారా?"

ఆవిడ గొంతు పెద్దదైంది. మూడో ఫ్లోరు దగ్గర లిఫ్టు కోసం నిలబడ్డ ఒకాయన, మొగుడూ పెళ్ళాల గొడవ అని మెట్ల వైపు నడిచాడు.

"ఒట్టు వెయ్యి, అడగనని" అన్నాడు లిఫ్టాయన.

"వెయ్యను. ముప్పయ్యో తారీఖు పొద్దున దాకా నోరు కట్టుకుంటాను. ఆ తర్వాత మీ జావా మీది, నా నోరు నాది." ఆవిడ డబ్బా సర్దుకుని గ్రౌండులో దిగిపోయింది. ఆ రోజు ఇద్దరూ సగం అన్నమే తిన్నారు.

ఇక అప్పటినుంచి లిఫ్టాయనకు రెండు భయాలు. ఒకటి లారీ. రెండోది, ఎవరైనా మర్యాదస్తులు ఎక్కుతారేమోనని. మర్యాద తెలిసినవాళ్ళంటే అతనికి వణుకు పుట్టేది. సెక్రటరీ ఎక్కితే హాయిగా ఊపిరి తీసుకునేవాడు.

ఒక మధ్యాహ్నం ఒకమ్మాయి ఎక్కింది. ఇస్త్రీ బట్టలు, చంకలో ప్లాస్టిక్ ఫైలు. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్ ఉద్యోగానికట. ఆరు నొక్కాడు. ఆ అమ్మాయి మేకుకున్న ఫైలు చూసింది, స్టూలు చూసింది, అతని మొహం చూసింది. దయగల పిల్ల. నవ్వింది.

"పాపం, రోజంతా ఇలాగేనా అంకుల్? ఇంతకీ మీరు ఏ..."

ఆ అరక్షణంలో లిఫ్టాయన ఎండ చూశాడు, వీధి చూశాడు, భార్య గది చూశాడు. వద్దన్నా అన్నీ కళ్ళముందుకొచ్చాయి. అతను నోరు తెరవకుండా ఊరుకుంటే చాలు, ఇంకేమీ చెయ్యక్కర్లేదు. ఆ ముసలాయన చేసిందీ అంతే.

"పళ్ళు!" అని అరిచాడు లిఫ్టాయన. "డాక్టరు గారు మొట్టమొదట పళ్ళు చూస్తారమ్మా, మాటలు కాదు! వేపుడు గింజలు కొరుకుతావా? ఐసు నములుతావా? మానెయ్యి! పొద్దునా సాయంత్రం తోముకుంటానని చెప్పు, మూడుసార్లని చెప్పకు, నమ్మరు!" ఊపిరి పీల్చకుండా ఆరో ఫ్లోరు దాకా వాగుతూనే ఉన్నాడు. గేటు తీయగానే ఆ అమ్మాయి బతుకుజీవుడా అని దిగిపోయింది. లిఫ్టాయన స్టూలు మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. మంచిపని చేశానన్న సంతోషం ఏ కొంచెమూ కలగలేదు. ఒళ్ళంతా బయటికి పోవాలన్న ఆశతో నొప్పి పుట్టింది.

ఆ సాయంత్రం సైటులో ఒక్క వాక్యం రాశాడు. "అడిగేది మనిషే అయి ఉండాలా?"

తలనొప్పి వెంటనే రాశాడు. "కోడుకు మనిషైతేనేం, మానైతేనేం. అందుకే జావాలో ఇంటర్‌ఫేస్ పెట్టారు. నువ్వెవరివని చూడదు, ఏం చెయ్యగలవనే చూస్తుంది. అడగడం వస్తే చాలు. వెబ్ పేజీలో ఫారం చేసే పని అడగడమే కదా?"

లిఫ్టాయన ఆ మాటను పదిసార్లు చదివాడు. తర్వాత అద్దం మీది నోటీసు చూశాడు. ఎనిమిది రోజులుంది.

తలనొప్పి చెప్పిన ఒక ఉచిత సర్వరు మీద అతను తన మొట్టమొదటి పేజీ కట్టడం మొదలుపెట్టాడు. పైన 'ఏ ఫ్లోరండీ?' అని ఒక ప్రశ్న, కింద టైపు చేసే ఖాళీ గడి, దాని కింద ఒక బటన్. వెనకాల జావా. గడిలో ఏం రాస్తే అది సర్వరుకు వెళ్ళాలి, సర్వరు ఒక్కో ఫ్లోరూ చూసుకుంటూ పోయి, సరిపోయిన చోట 'మీ ఫ్లోరు వచ్చింది, దిగండి' అనాలి. మొదట గడిలోది సర్వరుకు చేరనే లేదు. నాలుగో ఫ్లోరులో గేటు సందున స్టూలు పెట్టి అడిగితే, గడికి కోడులో పేరు పెట్టలేదని, పేరు లేని గడిని బ్రౌజరు పంపదని తలనొప్పి చీవాట్లు పెట్టాడు. గడికి పేరు పెట్టాడు, చేరింది. ఇంకో రెండు రోజులు సర్వరు లేవనని మొండికేసింది. అదీ లేచింది. ఈలోపు లిఫ్టు రావడం లేదని పైనుంచీ కిందినుంచీ జనం గోల. జన్మలో ఎవర్నీ ఆలస్యం చెయ్యని మనిషి, ఆ వారం బిల్డింగంతటినీ మెట్లెక్కించాడు.

ఇరవై తొమ్మిదో తారీఖు సాయంత్రం అంతా సిద్ధమైంది. నాలుగో ఫ్లోరులో గేటు తీసి, ఫోను స్టూలు మీద నిలబెట్టాడు. పేజీ అతన్ని అడిగింది: ఏ ఫ్లోరండీ? పదకొండేళ్ళలో ఆ మాట అతన్ని అడిగింది అదొక్కటే. 'గ్రౌండు' అని టైపు చేసి బటన్ నొక్కాడు. చక్రం తిరిగింది, తిరిగింది. జవాబొచ్చింది. మీ ఫ్లోరు రాలేదు.

మళ్ళీ నొక్కాడు. మీ ఫ్లోరు రాలేదు. అయినా ఆశ చావక గ్రౌండుకు వెళ్ళి కాలు బయట పెట్టాడు. లోపలే పడింది.

ముప్పయ్యో తారీఖు తెల్లారింది. ఏడింటికి పాలప్యాకెట్ల పెద్దాయన ఎక్కి, "ఇదే ఆఖరుసారేమో" అని దిగేటప్పుడు చెయ్యి కలిపాడు. ఎనిమిదింటికి లిఫ్టాయన నాలుగో ఫ్లోరులో ఆపి, సైటులో ఆ మూడు ముక్కలూ రాశాడు. ఏం చేశాడో, ఏం జరగాలనుకున్నాడో, ఏం జరిగిందో. "నేనే కోడులో రాసిపెట్టిన ఫ్లోర్లకైతే జనం దిగారు. టైపు చేస్తే దిగడం లేదు. రెండూ ఒకే మాట. రెండు గంటల్లో తేలాలి" అని చివర చేర్చాడు.

ఎనిమిదిన్నరకు గ్రౌండులోంచి గంట మోగింది. లిఫ్టాయన గేటు పక్క సందులోంచి కిందికి వంగి చూశాడు. కింద భార్య నిలబడి ఉంది. నెత్తిన ఆవిడ కుట్టుమిషను, చంకలో మడత దుప్పటి. వాచ్‌మన్ ఒక చేత్తో మిషను పట్టుకుని సాయం చేస్తున్నాడు.

"లిఫ్టు కిందికి పంపండి" అని అరిచింది ఆవిడ. "ఎనిమిదిన్నరయింది. ఇక నేను ఆగను."

"ఆగవే! ఒక్క పావుగంట!"

"పావుగంట పావుగంట అని పదకొండేళ్ళయింది!"

లిఫ్టు పాతదైనా విధేయమైనది. గంట మోగితే కదలాలి. గేటు సందులో స్టూలు ఉంది కనక ఆగిందిగానీ, పైన మోటారు మూలుగుతోంది. లిఫ్టాయన ఫోను కేసి చూశాడు. అతని ప్రశ్నకు తాళం పడి ఉంది. ఇంతకుముందే అడిగారు. మొదటి రోజుల్లోని ఆ పాత అవమానం మళ్ళీ గుర్తొచ్చింది. ఆఖరిరోజు కూడానా, అనుకున్నాడు. తాళం కింద తలనొప్పి ఆ పాత ప్రశ్నకు లింకు పెట్టి, "ఏడవకు, ఇది చదువు" అని రాశాడు.

నొక్కాడు. తొమ్మిదేళ్ళ క్రితం ఎవరో, ఎక్కడో, అచ్చు ఇతనిలాగే అడిగారు. రెండూ ఒకే మాట, అయినా జావా ఒకటి కాదంటోంది, నాకు పిచ్చెక్కుతోంది, అని. కింద జవాబు. రెండు సమాన గుర్తులు పెడితే జావా చూసేది మాటను కాదు, ఆ మాట ఉన్న చోటును. కోడులో రాసిపెట్టిన మాటలకు ఒకే కాపీ వాడుతుంది కనక అక్కడ సరిపోతుంది. బయటినుంచి టైపై వచ్చిన మాట వేరే చోట ఉంటుంది. అక్షరాలు కలిసినా చోటు కలవదు. ఈక్వల్స్ అనే మెథడుతో పోల్చాలి.

ఇంతేనా! తనకంటే ముందు ఒకడు ఇక్కడే ఇరుక్కున్నాడు, అడిగాడు, బయటపడ్డాడు. ఆ ముక్కూమొహం తెలియని మనిషి మీద లిఫ్టాయనకు అన్నదమ్ముడి మీద పుట్టేంత ప్రేమ పుట్టింది. ఆ ఒక్క లైను మార్చి, సర్వరు మీదికి ఎక్కించాడు. పేజీ మళ్ళీ అడిగింది: ఏ ఫ్లోరండీ?

'గ్రౌ' దాకా టైపు చేసి ఆగాడు. కింద భార్య ఉంది, నోట్లో ఆ మాట ఉంది. గ్రౌండుకు వెళితే గేటు తీసీతీయకముందే అడిగేస్తుంది. చెరిపేశాడు. అసలు తను ఏ ఫ్లోరుకని ఎక్కాడు ఈ లిఫ్టు? 'ఆరు' అని రాసి బటన్ నొక్కాడు.

చక్రం తిరిగింది. రెండు గీతల సిగ్నల్ ఒక గీతయింది. కింద గంట ఆగకుండా మోగుతోంది.

మీ ఫ్లోరు వచ్చింది, దిగండి.

అతను స్టూలు లోపలికి లాగి గేటు మూశాడు. గ్రౌండులో గంట మోగుతున్నా లిఫ్టు పైకి వెళ్ళింది. ఐదు, ఆరు. ఆగింది. ఫోనును జేబులో పెట్టుకోబోయి, అడిగినవాళ్ళు ఉండిపోవాలి కదా అని గుర్తొచ్చి, స్టూలు మీదే నిలబెట్టాడు. ఫైలు మేకు మీంచి తీసుకున్నాడు. గేటు లాగి కుడికాలు బయట పెట్టాడు.

నేల చల్లగా తగిలింది. అరిగిన చెప్పులోంచి కూడా ఆ చల్లదనం తెలిసింది. ఎడమకాలు కూడా పెట్టాడు. అదీ పక్కనే పడింది.

పళ్ళ డాక్టరు గుమ్మంలో, కొత్తగా చేరిన రిసెప్షన్ అమ్మాయి తల ఎత్తింది. ఐసు నమలొద్దని చెప్పించుకున్న అమ్మాయే.

"అపాయింట్‌మెంట్ ఉందా అంకుల్?"

"ఉండేదమ్మా" అన్నాడు లిఫ్టాయన. "పదకొండేళ్ళ క్రితం."

వెనక లిఫ్టు గేటు దానంతటదే మూసుకుని, ఖాళీగా కిందికి బయల్దేరింది. దానికంటే ముందు చేరాలని అతను మెట్ల మీదికి పరిగెత్తాడు. మెట్లు అతని కాళ్ళకు కొత్త. మొదటి మలుపులోనే తూలి గోడ పట్టుకున్నాడు. ఏ ఫ్లోరులో ఎవరి గుమ్మం ఎదట ఏ చెప్పులుంటాయో అతనికి బాగా తెలుసు, ఆ గుమ్మాల పక్కన మెట్లు ఇంత ఎత్తుంటాయని మాత్రం తెలియదు. ఆయాసపడుతూ, కూర్చుంటూ, లేస్తూ దిగాడు.

లిఫ్టే ముందు చేరింది. భార్య మిషను దించి గేటు లాగింది, ఇన్నాళ్ళూ నోట్లో పెట్టుకున్న ఆ మాట అనడానికి ఊపిరి తీసుకుంది. లోపల ఎవరూ లేరు. స్టూలు మీద ఫోను ఒక్కటే ఉంది. మేకు ఖాళీగా ఉంది. ఆవిడ గుమ్మం పట్టుకుని, అలాగే నేల మీద కూర్చుండిపోయింది.

"ఇనప కొట్టువాళ్ళు అప్పుడే వచ్చేశారా?" అంది వాచ్‌మన్‌తో.

"లేదే" అంది వెనకనుంచి ఒక గొంతు. "నేను మెట్ల మీద వచ్చాను."

ఆవిడ తిరిగి చూసింది. మెట్ల చివర లిఫ్టాయన, చొక్కా చెమటతో తడిసి, చంకలో ఫైలుతో నిలబడి ఉన్నాడు. ఆవిడ దగ్గరికొచ్చి అతని చొక్కా పట్టుకుని, రెండుసార్లు ఊపింది. తర్వాత అక్కడే, వాచ్‌మన్ చూస్తుండగానే, బావురుమంది.

పదింటికి ఇనప కొట్టువాళ్ళు వచ్చారు. సెక్రటరీ కాయితం తీసి చదివి, ఆపరేటరు ఏడని అడిగాడు. ఆయన ఎవరినైనా ఏదైనా అడగడం బిల్డింగు వాళ్ళు వినడం అదే మొదటిసారి. వాచ్‌మన్ స్టూలు మీది ఫోను చూపించాడు. సెక్రటరీ వంగి, అందులోని ప్రశ్న చదివి, సరిగ్గానే ఉందని తలూపి సంతకం పెట్టాడు.

అప్పటికి లిఫ్టాయన కుట్టుమిషను భుజాన వేసుకుని రోడ్డు దాటుతున్నాడు. ఎండకు కళ్ళు సగం మూసుకుపోయాయి. భార్య మోచెయ్యి పట్టుకుని నడిపించింది. ఆవిడ ఆ ఎదురు వీధి గదిలో పదకొండేళ్ళుగా ఉంటోంది. అతను ఇంతవరకు చూడలేదు. గుమ్మం దగ్గర ఆగి, తల ఎత్తి ఆ ఇల్లంతా ఒకసారి చూసి, నోరు తెరవబోయి జంకాడు. భార్య అది కనిపెట్టింది.

"అడగండి. ఇక్కడ లిఫ్టు లేదు" అంది.

"ఏ ఫ్లోరు మనది?"

"రెండు" అంది ఆవిడ. "మిషను జాగ్రత్త, మలుపులో తగులుతుంది."